ఎవరి పక్షాన ఉండాలి?



అయిదో తరగతి చదివే ఒక పాప ఉత్తరం రాసింది. తాడు గెంతే ఆట దగ్గర తగాదా వచ్చి, ఆమె స్నేహితురాళ్ళిద్దరికీ వారం రోజులుగా మాటలు లేవట. "తాతగారూ, నేనెవరి పక్షాన ఉండాలి?" అని అడిగింది.

ఎవరి పక్షానా వద్దమ్మా, మధ్యన ఉండు. అయితే తీర్పు మాత్రం చెప్పకు. రొట్టె కోసం పోట్లాడుకున్న పిల్లులకు కోతి తీర్పు చెప్పిన కథ తెలుసుగా? చివరకు త్రాసులో ఏం మిగిలింది? మధ్యవర్తి పని అడగడం.

ఏమని అడగాలి? అమెరికాలో మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆవిడ ఉండేది. తగవులను గురించి బాగా ఆలోచించిన మనిషి. 1925లో ఒక ప్రసంగంలో తన అనుభవమే చెప్పింది. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఈవిడా, మరొకరూ కూర్చున్నారు. ఆయనకు కిటికీ తెరవాలని, ఈవిడకు మూయాలని. సగం తెరిస్తే ఇద్దరికీ అసంతృప్తే గదా! చివరకు ఎవరూ లేని పక్కగది కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గదిలోకి గాలి. ఈవిడకు కావలసింది ఉత్తరపు గాలి తన మీద సూటిగా కొట్టకపోవడం. "ఏం కావాలి?" అంటే ఇద్దరూ కిటికీ మాటే చెబుతారు. "ఎందుకు?" అన్నప్పుడే గాలి సంగతి బయటపడుతుంది.

కనుక ఇద్దరినీ కూర్చోబెట్టు. వాళ్ళు ఒప్పుకుంటేనే సుమా! ఈడ్చుకువస్తే లాభం లేదు. ఒకరు చెబుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. "ఎప్పుడూ తాడు తిప్పడమే గాని, గెంతే వంతు రావడం లేదని నీ బాధ, అంతేనా?" అని ఆమె మాటనే తిరిగి చెప్పు. "అవును" అనేదాకా రెండో అమ్మాయి వైపు తిరగకు. సగం కోపం ఆ "అవును"తోనే దిగుతుంది. రెండో అమ్మాయి, "తాడు నాది. ముందు గెంతకపోతే గంట కొట్టేస్తారు" అంటుందేమో. చూశావా, ఇద్దరి భయమూ ఒకటే! అప్పుడు "ఏం చేద్దాం?" అని వాళ్ళనే అడుగు. నీకు ఉపాయం తోచినా నోట్లోనే ఉంచుకో. (కష్టమే. మా పంతుళ్ళకు మరీ కష్టం!) తాము కనిపెట్టిన ఏర్పాటునైతే వాళ్ళు నిలబెట్టుకుంటారు.

ఇంకొక్క సంగతి. పెద్దవాడు చిన్నవాణ్ణి కొట్టడమూ, రోజూ బెదిరించడమూ తగాదా కాదు. అక్కడ మీరు మధ్యన నిలబడవద్దు. వెంటనే మేష్టారితో చెప్పండి. అది చాడీలు చెప్పడం కాదు.

పాపా, ఏమయిందో వచ్చే నెలకు రాయి.