ఏడు నిమిషాలకో మిణుకు!

కృష్ణబిలం కాంతిని కూడా వదలదు కదా, మరి దాని దగ్గర్నుంచి ఎక్స్‌కిరణాలు ఎలా వస్తాయి? చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఆ కిరణాలు లోపల్నుంచి రావు. బిలంలో పడబోయే వాయువు దాని చుట్టూ సుడి తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ సుడిని ఆనుకుని కోట్ల డిగ్రీల వేడితో ఓ పొర ఉంటుంది. దాని పేరు కరోనా. మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టింది కాదు లెండి! ఎక్స్‌కిరణాలు పుట్టేది ఆ పొరలోనే.

డ్రాకో నక్షత్రమండలం దిశలో, 27 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఓ గెలాక్సీ ఉంది. పేరు 1ఈఎస్ 1927+654. దాని నడిమధ్యన 14 లక్షల సూర్యుళ్లంత బరువైన కృష్ణబిలం. 2018లో అది శాస్త్రజ్ఞులను హడలగొట్టింది. మామూలు కాంతి ఒక్కసారిగా పెరిగింది. ఆ తర్వాత ఎక్స్‌కిరణాలు దాదాపు మాయమయ్యాయి. అంటే, కరోనా చెదిరిపోయిందన్నమాట. కొన్ని నెలల్లోనే అది మళ్లీ ఏర్పడింది.

అసలు వింత 2022లో మొదలైంది. ఐరోపా వారి ఎక్స్ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం చూస్తుండగా ఎక్స్‌కిరణాల వెలుగు 18 నిమిషాలకోసారి పెరుగుతూ తగ్గుతూ కనిపించింది. 2024కల్లా ఆ వ్యవధి 7 నిమిషాలకు దిగింది.

మిణుకును బట్టి ఏం తెలుస్తుంది? పెళ్లిభోజనాల బంతిని ఊహించుకోండి. ఈ చివర 'లేవండి' అన్న మాట ఆ చివరికి చేరేలోపు బంతి మొత్తం లేవలేదు. బంతి ఎంత పొడవైతే అంత ఆలస్యం. కాంతిదీ అదే లెక్క. 7 నిమిషాల్లో కాంతి వెళ్లేది సుమారు 12.6 కోట్ల కిలోమీటర్లు. అంటే ఆ మిణుకు పుట్టే చోటు మనకూ సూర్యుడికీ మధ్యనున్న దూరం కన్నా చిన్నదే. ఏ టెలిస్కోపూ విడదీసి చూడలేని చోటును గడియారంతో కొలిచారు!

అంతలో 2023 ఫిబ్రవరి నుంచి రేడియో తరంగాలు కొన్ని నెలల్లోనే 60 రెట్లు పెరిగాయి. బిలానికి రెండు వైపులా వాయువు ధారలుగా చిమ్ముతోంది. వీటినే జెట్లు అంటారు. రెండూ కలిపి అర కాంతి సంవత్సరం పొడవు. కొన్ని గెలాక్సీల్లో జెట్లు వేల కాంతి సంవత్సరాలు సాగుతాయి. వాటి ముందు ఇవి పొత్తిళ్లలో పాపలే. కృష్ణబిలం జెట్లు పుట్టడాన్ని ఇలా దాదాపు కళ్లెదుటే చూడటం చాలా అరుదు.

ఇంతకీ ఆ మిణుకుకు కారణం? సూర్యుడిలో పదో వంతు బరువున్న శ్వేత కుబ్జతార ఒకటి బిలం అంచున, కాంతిలో సగం వేగంతో తిరుగుతోందన్నది ఒక ఊహ. అలాగైతే అది ఈపాటికి లోపల పడిపోవాలి కదా? తన పైపొరలను బిలానికి సమర్పించుకుంటూ పతనాన్ని వాయిదా వేసుకుంటోందట! మిణుకు జెట్ల మొదళ్లలో పుడుతుండొచ్చన్న అనుమానమూ ఉంది.

తేల్చడానికి ఒక దారి ఉంది. నిజంగా అక్కడ నక్షత్రమే ఉంటే అది గురుత్వ తరంగాలు వెదజల్లుతుంది. వాటిని పట్టేందుకు 25 లక్షల కిలోమీటర్ల ఎడంతో మూడు వ్యోమనౌకలను నిలపాలని ఐరోపా అంతరిక్ష సంస్థ సంకల్పించింది. ఆ 'లీసా' ప్రయోగం 2030ల్లో జరగాలి. అప్పటిదాకా ఆ నక్షత్రం అంచున నిలబడి ఉండాలి మరి!