ముఖాన నవ్వు, మనసులో దిగులు

ఈ వారం మందుల సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు ఒక బొమ్మ గురించి వినండి.

జార్జ్ రువో (1871–1958) అనే ఫ్రెంచి చిత్రకారుడు సర్కసు జోకర్ల బొమ్మలు ఎన్నో వేశాడు. చిన్నతనంలో రంగుటద్దాల కిటికీలు చేసేచోట పని నేర్చుకున్నవాడు కాబట్టి, ఆయన గీతలు అద్దాల మధ్య ఉండే సీసపు పట్టీల్లా లావుగా, నల్లగా ఉంటాయి. మనిషి పైకి ఎలా కనిపిస్తాడన్నది వదిలి, లోపల ఏమి అనుభవిస్తున్నాడో చూపించే 'ఎక్స్‌ప్రెషనిస్టు' పద్ధతి అది. జోకరు టోపీ ఉంటుంది, మెడచుట్టూ కుచ్చులు ఉంటాయి, ముఖాన రంగు ఉంటుంది. కళ్ళు మాత్రం నవ్వవు. 1905 ప్రాంతంలో దారి పక్కన ఆగిన ఒక సంచార సర్కసు బండిని రువో చూశాడు. అందులో ఓ మూల కూర్చుని ముసలి జోకరు తన తళుకుల అంగీకి కుట్లు వేసుకుంటున్నాడు. ఆ అంగీ మెరుపుకూ, ఆ మనిషి బతుకులోని విచారానికీ ఉన్న తేడా చూసి ఆయన మనసు కదిలిపోయింది. ఆ జోకరులో తననే చూసుకున్నానని, మనలో చాలామందిమి అలాంటివాళ్ళమేనని ఒక ఉత్తరంలో రాశాడు.

అంత దూరం పోనక్కరలేదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు తెరమీదికి వస్తే జనం పకపకా నవ్వుతారు. ఆ బొమ్మను ఆడించే మనిషి ముఖం ఎవరికీ కనబడదు.

'దీనికీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం డాక్టరుగారూ?' అంటారేమో. చెబుతాను.

కాప్రా నుంచి నా ఓ.పి.కి నలభై దాటిన ఒకాయన వచ్చేవాడు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజు పండుగల్లో మిమిక్రీ చేస్తాడు. పిల్లలు అడిగితే జోకరు వేషం కూడా కడతాడు. నడుంనొప్పి, కడుపులో గ్యాసు, నీరసం, ఇవీ ఆయన బాధలు. చీటీకోసం క్యూలో నిలబడ్డవాళ్ళను సైతం నవ్వించేవాడు. నేనూ నవ్వి, గ్యాసు మాత్రలు రాసి పంపాను. రెండుసార్లు ఇదే జరిగింది. మూడోసారి భార్య వెంట వచ్చింది.

"బయటనే ఈ నవ్వులు సార్. ఇంట్ల మాటనే లేదు. తెల్లారి మూడింటికే లేచి గోడకానుకొని కూసుంటడు" అంది.

ఆయన తల దించుకున్నాడు. అప్పుడు తలుపు వేయించి, మొదటిరోజే అడగవలసిన ప్రశ్నలు అడిగాను. చచ్చిపోదామని చాలాసార్లు అనిపించిందన్నాడు. నేను రెండుసార్లు వేషాన్ని చూసి పంపించాను, రోగిని చూడలేదు.

ఈ జబ్బు పేరు మానసిక కుంగుబాటు, అంటే డిప్రెషన్. ఇది సోమరితనమూ కాదు, పిరికితనమూ కాదు, గ్రహచారమూ కాదు. మనసు చెప్పుకోలేనిది చాలామందిలో ఒళ్ళు చెబుతుంది. అందుకే తలనొప్పి, ఒళ్ళునొప్పులు, అజీర్ణం అంటూ డాక్టరు దగ్గరకు వస్తారు.

మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. గత 2 వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉంటున్నదా? ఇదివరకు ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి 'అవును' అన్నా డాక్టరుకు చూపించుకోండి. తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి తగ్గడం, ఎందుకూ పనికిరానివాణ్ణన్న భావం కూడా ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇలాంటి లక్షణాలే కనబడవచ్చు కనుక రక్తపరీక్ష అవసరం కావచ్చు.

దీనికి మంచి చికిత్స ఉంది. డాక్టరుతో మనసువిప్పి మాట్లాడటం, అవసరమైతే మందులు. ఇవి నిద్రమాత్రలు కావు. గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. గుణం కనిపించాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా మానకూడదు. దిగులు పోతుందని మద్యం తాగితే జబ్బు ముదురుతుంది.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట. "నీకేం తక్కువ? ఎందుకీ ఏడుపు?" అనకండి. పక్కన కూర్చుని వినండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, బరువు దిగుతుంది. 'అవును' అంటే ఒంటరిగా వదలకండి. ఎలుకలమందు, మాత్రలు అందకుండా దాచి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 14416 నంబరుకు ఫోను చేస్తే 'టెలీ మానస్' వారు పగలూ రాత్రీ, తెలుగులోనే, ఉచితంగా సలహా ఇస్తారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. అక్కడికి వెళ్ళడం నామోషీ కాదు.

ఆ కాప్రా ఆయన మానసిక వైద్యుని దగ్గర చికిత్స తీసుకుని, నెలన్నర తర్వాత నా గదికి వచ్చాడు. ఆ రోజు జోకు ఒక్కటీ వేయలేదు. "నిద్ర పడుతున్నది సార్" అన్నాడు, అంతే.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో అందరినీ నవ్వించే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ వారం ఆయనను "ఎలా ఉన్నావు?" అని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.