ఒక్క అక్షరం ఖరీదు

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి మనవరాలు తన పాత ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్నది. ప్రాజెక్టు అప్పగించడానికి ఇంక పది రోజులే గడువు.

"తాతా, కొత్త ర్యామ్ ఏసిన. ఇప్పుడు అసలుకే తెరుసుకుంటలేదు" అన్నది. గొంతులో ఏడుపు తొంగిచూస్తున్నది.

మా జఫర్‌గఢ్‌లో ఎవరింట్లో కంప్యూటరు మొరాయించినా నాకు కబురు వస్తుంది. నేనేదో నిపుణుణ్ని అనుకునేరు! నా దగ్గర చిన్న స్క్రూడ్రైవరు ఉన్నది. ఉద్యోగ విరమణ తరువాత తీరికా ఉన్నది. నా అర్హతలు ఆ రెండే.

సంగతి విచారించాను. అది 2014 నాటి ల్యాప్‌టాప్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. లోపల ఉన్నది 4 జీబీ ర్యామ్. రెండు మూడు పనులు ఒకేసారి చెబితే చాలు, కదలదు, మెదలదు. వాళ్లమ్మ పత్తి ఏరిన కూలిలోంచి 1,200 రూపాయలు తీసి ఇచ్చింది. పిల్ల హనుమకొండ వెళ్లి 8 జీబీ ర్యామ్ తెచ్చింది. "ఇది ఏ ల్యాప్‌టాప్‌కైనా పడుతది" అన్నాడట దుకాణదారు. పట్టింది కూడా! పాతదాన్ని తీసి ఆ స్లాటులో పెడితే టక్కుమని కూర్చున్నది. కాని మీట నొక్కితే దీపం వెలుగుతుందే తప్ప తెర నల్లగానే ఉంటుంది.

కళ్లజోడు సవరించుకుని రెండు ర్యాముల మీది చీటీలూ పక్కపక్కన పెట్టి చదివాను. పాతదాని మీద "పీసీ3ఎల్-12800" అని ఉన్నది. కొత్తదాని మీద "పీసీ3-12800".

"ఏం ఫరక్ ఉన్నది తాతా?"

"ఒక్క అక్షరం, బిడ్డా. ఎల్."

ర్యామ్‌లో తరాలున్నాయి. డీడీఆర్3కి 204 కాళ్లు, డీడీఆర్4కి 260. గాటు కూడా వేరేచోట ఉంటుంది కనుక ఒకటి రెండోదాని స్లాటులో దూరనే దూరదు. అక్కడ మోసపోయే భయం లేదు. చిక్కంతా ఒకే తరంలో ఉన్నది. మామూలు డీడీఆర్3 నడవాలంటే 1.5 వోల్టులు కావాలి. ఎల్ రకానికి 1.35 చాలు, సాధారణంగా అది 1.5లోనూ నడుస్తుంది. రెండింటికీ గాటు ఒకచోటే! ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసరున్న ల్యాప్‌టాప్‌లు ఇచ్చేది 1.35 మాత్రమే. ఇక కొత్తది మేలుకునేదెట్లా? స్లాటులో పట్టడం వేరు, పొత్తు కుదరడం వేరు.

పాతదాన్ని మళ్లీ పెట్టి మీట నొక్కాను. తెర వెలిగింది. పిల్ల మొహమూ వెలిగింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. వారం కిందట ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "ఏది తెమ్మంటవు తాతా?" అని అడిగింది. "8 జీబీది తెచ్చుకో" అని చెప్పి ఫోన్ పెట్టేశాను. చీటీ చదవమని చెప్పలేదు. దుకాణదారును తిట్టుకునే ముందు నన్ను నేను తిట్టుకోవాలి.

మీలో ఎవరైనా పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొనబోతుంటే, డబ్బు తీసే ముందు ల్యాప్‌టాప్ కింది మూత తీయండి. స్లాట్లు ఎన్ని, ఖాళీ ఉన్నదా చూడండి. కొన్నిటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అలాంటివాటిలో స్లాటే లేకపోతే అక్కడితో ఆశ వదులుకోవలసిందే. పాతదాని చీటీని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ మోడల్ ఎన్ని జీబీల వరకు భరిస్తుందో కంపెనీవారి మాన్యువల్‌లో చూడండి. విండోస్ 32 బిట్‌దయితే మామూలుగా 4 జీబీకి మించి వాడుకోలేదు. ఎంత పెట్టినా దండుగే. వేగం గురించి మాత్రం అంత బెంగ వద్దు. 1600ది తెచ్చి 1333 యంత్రంలో పెడితే సాధారణంగా 1333లోనే నడుస్తుంది. మూత తీసేముందు ఛార్జరు పీకి, బ్యాటరీ ఊడదీయడం మరవకండి.

మర్నాడు మేమిద్దరం హనుమకొండ బస్సెక్కాం. "విప్పిన సరుకు వాపసు లేదు" అన్నాడు దుకాణదారు. గంటసేపు బతిమాలితే 400 రూపాయలు అదనంగా తీసుకుని ఎల్ రకం ఇచ్చాడు. ఆ నాలుగు వందలూ నేనే ఇచ్చాను. ఇంటికి వచ్చి ఖాళీగా ఉన్న రెండో స్లాటులో పెడితే, పాతది 4, కొత్తది 8, మొత్తం 12 జీబీ అని తెర మీద కనబడింది.

సాయంత్రం వాళ్లమ్మ చేను నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, కొంగుముడి విప్పి నాలుగు వంద నోట్లు నా ముందు పెట్టింది.

"వద్దమ్మా, తప్పు నాది" అన్నాను.

"మీరు చెప్పవట్టే గద మామా, అది మల్ల నడుస్తున్నది" అన్నది.

ఆ నోట్లకు ఇంకా పత్తి చేను దుమ్ము అంటుకునే ఉన్నది. తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాను. ఒక్క అక్షరం చదవనందుకు జరిమానా కట్టవలసింది ఆమె కాదు.