తండ్రి జైలుకెళ్తే కొడుకు సంబంధం వద్దా?

ఈసారి ఒక చెల్లి పంపిన వాయిస్ మెసేజ్‌తోనే మొదలుపెడతాను, పేరు రాయను. వాళ్ళ అమ్మాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు, ఉద్యోగం బాగుంది. కానీ వాళ్ళ నాన్న ఎప్పుడో కొట్లాట కేసులో జైలుకెళ్ళొచ్చాడట. ఊళ్ళో ఉన్న అత్తగారు "వద్దమ్మా, అది రక్తంలో ఉంటుంది" అని ఒకటే పట్టు. "అక్కా, నిజంగా జీన్స్‌లో ఉంటుందా?" అని అడిగింది.

అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. దుడుకుతనంలో పుట్టుకతో వచ్చేది కొంత ఉందని కవలల మీద చేసిన పరిశోధనలు చెప్తున్నాయి. నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబం సంగతి 1993లో బయటికొచ్చింది. మా మగవాళ్ళు ఎందుకిలా ఉన్నారని ఆ ఇంటి ఆడమనిషే డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది. కొట్టడాలు, ఇళ్ళకి నిప్పు పెట్టడాలు! హాన్ బ్రూనర్ అనే డాక్టరు బృందం చూస్తే, వాళ్ళలో ఎంఏఓఏ అనే జీన్ అసలు పనిచేయడం లేదు. మెదడులో సెరటోనిన్ లాంటివాటిని అదుపులో ఉంచేది అదే. అలా పూర్తిగా చెడిపోవడం మాత్రం చాలా అరుదు.

అసలు తమాషా ఇక్కడుంది. ఆ జీన్ ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచి, తండ్రి ఇచ్చేది వై. అంటే ఇంత పేరుమోసిన జీన్ తండ్రి నుంచి కొడుక్కి రానే రాదు. (ఇది చదివి "చూశారా, తప్పంతా తల్లిదే" అనేవాళ్ళూ ఉంటారు, నాకు తెలుసు!)

ఇదే జీన్ కాస్త మందంగా పనిచేసే రకం చాలామంది మగవాళ్ళలో ఉంటుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. ఆ రకం జీన్ ఉండి, చిన్నప్పుడు ఇంట్లో హింస పడిన మగపిల్లలే పెద్దయ్యాక ఎక్కువగా గొడవల్లోకి వెళ్ళారని 2002లో రాశారు. హింస లేని ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ జీన్ వల్ల తేడా రాలేదు. తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట మీద లేవనుకోండి.

"రక్తంలో ఉంది" అన్న మాట మన దగ్గర ఏం చేసిందో బాపట్ల వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1871లో తెల్లదొరలు కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేశారు. 1911 తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఏ తప్పూ చేయనివాళ్ళ మీదా నిఘానే. చట్టం 1952కల్లా పోయింది, మచ్చ పోలేదు. జాషువా గారి కూతురు హేమలతా లవణం గారు ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆవిడ వెళ్ళింది రక్తం మార్చడానికి కాదు కదా.

చెల్లీ, ఆ అబ్బాయి అమ్మమ్మగారింట్లో పెరిగాడన్నావు. ఆ ఇంటి సంగతులు అడుగు. అతనికి కోపమొస్తే ఏం చేస్తాడో మీ అమ్మాయిని కనుక్కోమను. వాళ్ళ నాన్న గురించి కూడా అతన్నే సూటిగా అడగమను. ఆ జవాబు విన్నాక అత్తగారికి ఫోన్ చెయ్యి.