మందల యజమాని రైతు వేషం



ఎన్నికల వేదికనెక్కి ఎవరైనా తాను రైతునని చెప్పుకొనగానే మన మనసు మెత్తబడుతుంది. ఇది సహజమే. గ్యాంగ్‌మన్ మొదలు పల్లె తపాలా ఉద్యోగి వరకు మనలో అత్యధికులము గ్రామాల బిడ్డలమే. సెలవు దొరికితే పొలం గట్టుకే పోతాము. ఆ మెత్తదనాన్నే పెట్టుబడిగా చేసుకొని దేశాధ్యక్ష పదవికి బయలుదేరిన ఒక పశువుల కామందు చరిత్రను మీ ముందుంచుతున్నాము. చరిత్ర బ్రెజిల్‌ది.

రొనాల్డో కయాడో 1949లో గోయాస్ రాష్ట్రంలో జన్మించారు. అది పచ్చిక బీళ్ల సీమ. 1930కి పూర్వం ఆ రాష్ట్ర రాజకీయాలను శాసించినది ఆయన వంశమే. ఆయన చదివినది ఎముకల వైద్యం. ఇందులో తప్పేమీ లేదు. వైద్యుడు రాజకీయాలలోకి రావచ్చు, కామందూ రావచ్చు. మా ప్రశ్న ఒక్కటే: ఆయనను బరిలోకి దింపినదేమి? కరవా? అప్పా? గిట్టుబాటు కాని ధరా?

కాదు, భూసంస్కరణ భయం.

1985లో సైనిక పాలన ముగిసింది. కొత్త ప్రభుత్వం నాలుగేళ్లలో 14 లక్షల కుటుంబాలకు భూమి ఇస్తానని ప్రకటించింది. నాటి లెక్కలలో వెయ్యి హెక్టార్లు దాటిన కమతాలు నూటికి ఒకటి కూడా లేవు. భూమిలో మాత్రం నూటికి నలభై పాళ్లకు పైగా వాటి క్రిందనే ఉంది. వెంటనే, ఆ ఏడాదే, పెద్ద భూస్వాములు ‘గ్రామీణ ప్రజాతంత్ర సమాఖ్య’ను స్థాపించారు. పేరులో గ్రామమూ ఉంది, ప్రజలూ ఉన్నారు! కయాడో దానికి జాతీయ అధ్యక్షులైనారు. నిధుల కోసం పశువులను వేలం వేసేవారు. రసీదు పుస్తకం పట్టుకొని ప్లాట్‌ఫారం వెంట తిరిగే మన శాఖా కార్యదర్శులకు ఈ వసూలు పద్ధతి వింతగా తోచవచ్చు.

1986లో ప్రభుత్వం ధరలను స్తంభింపజేసింది. ఆ ధరకు అమ్మబోమని కామందులు మందలను బీళ్లలోనే నిలిపివేశారు. నగరాలలో మాంసం మాయమైంది. తుదకు ప్రభుత్వమే బీళ్లలోకి దిగి పశువులను స్వాధీనపరచుకొనవలసి వచ్చింది. కార్మికుడు పని ఆపితే దేశద్రోహం, కామందు సరకు ఆపితే ఆస్తి హక్కు! 1974 మే నెలలో మన రైల్వే సమ్మెను ఎట్లా అణచివేశారో మరువని వారికి ఈ తేడాను మేము వివరించనక్కర లేదు.

1988 రాజ్యాంగంలో సమాఖ్య ఒత్తిడి ఫలించింది. ఉత్పాదకమైన భూమిని భూసంస్కరణ కొరకు తీసుకొనరాదని 185వ అధికరణలో వ్రాయించుకున్నారు. ఉత్పాదకమేదో తేల్చేది ఎవరు? 1973 నాటి మన భూపరిమితి చట్టం మినహాయింపులలో నుంచి ఎకరాలు ఎట్లా జారిపోయాయో ఎరిగిన వారు ఊహించుకొనగలరు. ఆ సంవత్సరమే డిసెంబరు 22న షపూరిలో రబ్బరు గీత కార్మికుల నాయకుడు చికో మెండెస్‌ను ఆయన ఇంటివద్దనే కాల్చి చంపారు. ఒక పశువుల కామందుకూ, అతని కొడుకుకూ 1990లో శిక్ష పడింది. ఆ హత్యను కయాడోకు అంటగట్టడం మా ఉద్దేశం కాదు. భూమి అడిగిన వారికి ఆ రోజులలో ఏమి ఎదురయ్యేదో చెప్పడం మా విధి.

1989లో, 29 ఏళ్ల తరువాత, ప్రజలు నేరుగా అధ్యక్షుని ఎన్నుకొన్నారు. కయాడో తెల్లగుర్రమెక్కి ప్రచారం చేశారు. అదే బరిలో లోహ కార్మికుడు లూలా కూడా ఉన్నాడు. లూలా రెండవ విడత వరకు నిలిచి ఓడిపోయాడు. గుర్రపు రౌతుకు నూటికి ఒక్క ఓటైనా రాలేదు. కోట్ల మంది పల్లె జనం ఉన్న దేశంలో ‘రైతు ప్రతినిధి’కి రైతులే ఓటు వేయలేదు.

రైతుకు కష్టాలు లేవా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉన్నాయి. వడ్డీ కట్టలేని రెండెకరాల మనిషి పార్లమెంటుకు పోటీ చేస్తే జెండా మోసేది మనమే. అయితే అభ్యర్థి రైతునన్నప్పుడు ఎన్ని ఎకరాలని అడిగే హక్కు కూడా మనదే.

కయాడో 1990లో దిగువ సభకు, 2014లో సెనేట్‌కు, 2018లోను 2022లోను గవర్నరు పదవికి ఎన్నికైనారు. 2025 ఏప్రిల్‌లో తిరిగి అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించారు. ఆ 14 లక్షల కుటుంబాలలో నాటి గడువులోపల భూమి దక్కినది పదవ వంతుకైనా కాదు.