ఫలితాల నాటి సాయంత్రం

ఇంటర్ ఫలితాలు వెలువడిన సాయంత్రం మన ఇళ్ళలో మొట్టమొదట వినిపించే ప్రశ్న ‘ఎన్ని మార్కులు వచ్చాయి?’ ఆ వెంటనే వచ్చేది ‘మామూ కొడుక్కి ఎన్ని వచ్చాయి?’ ఈ రెండు ప్రశ్నల నడుమ నిలబడిన బిడ్డ ముఖంలోకి మాత్రం మనం చూడము.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మూల్యాంకనంలోనే, 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా వేసినట్లు తరువాత తేలింది. ఇలా పొరబడగల కాగితానికి మన బిడ్డ విలువను నిర్ణయించే అధికారం ఎవరిచ్చారు? మనమే కదా!

నిత్యం పోలికలు వినే బిడ్డకు నిద్ర కరవవుతుంది. పరీక్ష అనగానే కడుపునొప్పి మొదలవుతుంది. మార్కులు దాచడం, అబద్ధమాడడం అలవడతాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ‘గెలిస్తేనే అమ్మీ, అబ్బా నన్ను ప్రేమిస్తారు’ అన్న నమ్మకం ఆ లేత మనసులో పాతుకుపోవడం.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్ళపాటు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ పదేళ్ళలో ఆయన తనపై ఒక్కసారైనా విసుక్కోలేదని, ‘ఎందుకిలా చేశావు?’ అని నిలదీయలేదని అనస్ (రజి) స్వయంగా తెలిపారు. దివ్య ఖుర్‌ఆన్‌లో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుణ్ణి ఎంతో వాత్సల్యంతో సంబోధిస్తూ తౌహీద్, నమాజ్, సహనం, వినయం బోధించారు. ఇతరుల బిడ్డలతో పోల్చి కించపరచలేదు.

చదువు వద్దని కాదు. విద్యార్జన మన ధర్మం. కాని వ్యాపారంలో నష్టం వస్తే ‘ప్రయత్నం మనది, ఫలితం అల్లాహ్‌ది’ అని ఊరట చెందే మనం, బిడ్డ పరీక్ష తప్పినప్పుడు ఆ మాటను ఎందుకు మరచిపోతున్నాము? మనకు వర్తించే తఖ్దీర్ బిడ్డకు వర్తించదా?

ఈసారి ఫలితాల సాయంత్రం మార్కుల మాట ఎత్తకముందే బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుందాం. అందరం ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ చేరి భోంచేద్దాం. ‘ఏది వచ్చినా నువ్వు మా బిడ్డవే’ అని నోరారా చెబుదాం. బిడ్డ ముభావంగా ఉన్నా, తిండి మానినా, బ్రతుకు మీద విరక్తి పలికినా తేలికగా తీసుకోక, ఒంటరిగా వదలక, వెంటనే వైద్యుణ్ణి సంప్రదిద్దాం. టెలీ మానస్ 14416 కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రేపు ఆయన సన్నిధిలో మనల్ని అడిగేది బిడ్డ ర్యాంకు గురించి కాదు, ఆ అమానతును ఎలా కాపాడామన్నదే.