ఎఱిగిన పేరుతో వచ్చు అపాయము

మైరావణుని కథ వినని బాలుడు మన ప్రాంతమున అరుదు. రామలక్ష్మణులను కాపాడుటకై ఆంజనేయుడు తన వాలమును కోటగా చుట్టి, వాకిట తానే కావలి యుండెను. మైరావణుడు ఆ కోటను బలముచేత భేదింపలేక, తుదకు విభీషణుని రూపము దాల్చి వచ్చెను. ‘విభీషణుడు మనవాడే కదా’ యని ఆంజనేయుడు త్రోవ విడిచెను. కోట కోటగానే నిలిచియుండెను గాని, లోనివారు మాత్రము అపహరింపబడిరి.

ఇట్టి కథనే మన పాఠశాల పిల్లలు ఆదికాండమునందును చదివియున్నారు. చూపు మందగించిన ఇస్సాకు నొద్దకు యాకోబు తన అన్న వస్త్రములు తొడుగుకొని, అన్న పేరు చెప్పుకొని పోయెను. కంఠస్వరము వినినప్పుడు వృద్ధునకు సందేహము కలిగెను. అయినను చేతులు తడవి చూచి, ఆ సందేహమును విడిచి, దీవెన నిచ్చెను.

ఆంజనేయునకు బలము కొఱత కాదు. ఇస్సాకునకు అనుభవము కొఱత కాదు. ఇరువురును ఎఱిగిన పేరువలననే మోసపోయిరి. నేడు మన యిండ్లలోని కంప్యూటరులకును, చేతులలోని సెల్‌ఫోనులకును వచ్చుచున్న అపాయము తఱచుగా ఈ మార్గముననే వచ్చుచున్నది. దానిని గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును రెండు మాటలు విన్నవింపదలచితిని.

పూర్వము మన ప్రాంతమునుండి పొట్టకూటికై రంగూనునకు పోయినవారు ఇంటికి ఉత్తరములు వ్రాయుచుండెడివారు. ఉత్తరము విప్పకమునుపే దస్తూరిని బట్టి వ్రాసినవాడెవడో చదువు వచ్చినవారికి తెలియుచుండెను. ఈ-మెయిలునకు దస్తూరి లేదు. పైన కనబడు పేరు అందఱకును ఒకే తీరున అచ్చుపడు అక్షరములే. కవరుమీద ‘పంపువారు’ అను చోట ఎవ్వరి పేరు వ్రాసినను తపాలావారు విచారింపనట్లే, ఈ-మెయిలు పుట్టిన తొలినాళ్లలో పంపువాని పేరు నిజమా కాదా యని పరిశీలించు ఏర్పాటు లేకుండెను. తరువాతి కాలమున కొన్ని పరీక్షలు చేర్పబడినవి. అయినను పరుల పేరు తగిలించి పంపుట నేటికిని అసాధ్యము కాలేదు.

వైరసనగా దురుద్దేశముతో వ్రాయబడిన ఆజ్ఞల సముదాయము. ఈ-మెయిలుతో జతపఱచిన ఫైలులో అది దాగియుండును. మనము ఫైలు తెఱచినంతనే మేల్కొని, ఆ యంత్రములోని చిరునామాల పట్టికను వెదకి, మన బంధుమిత్రులకు తన ప్రతులను పంపును. అనగా అది ఇంటింటికిని పోవుటకు మన స్నేహములనే బాటగా చేసికొనును.

1999 మార్చి 26వ తేదీన బయలుదేరిన మెలిస్సా యను వైరసు, పట్టికలోని మొదటి 50 చిరునామాలకు ఆ యంత్రపు యజమాని పేరుతోనే పోయెను. మీరడిగిన పత్రము ఇదిగో నన్నట్లు అందు వ్రాసియుండుటచే, పుచ్చుకొన్నవారు నిజమని తెఱచిరి. దానిని చేసిన డేవిడ్ స్మిత్ అను అమెరికా దేశస్థునకు 2002లో 20 నెలల కారాగారశిక్ష విధింపబడెను. 2000 మే 4వ తేదీన ఫిలిప్పీన్సు దేశమునుండి ‘ఐ లవ్ యూ’ యను శీర్షికతో మఱియొకటి బయలుదేరి, అల్పకాలములోనే ప్రపంచమంతటను వ్యాపించెను. జతపఱచిన ఫైలు ప్రేమలేఖవలెను, సామాన్యమైన వ్రాతపత్రమువలెను కనబడెను. దాని పేరు చివర ‘వి.బి.ఎస్.’ అను మూడక్షరములు అది పత్రము కాదు, పనిచేయు ఆజ్ఞలపట్టిక యని తెలుపుచుండెను. కాని అనేక యంత్రములలో ఆ తుది యక్షరములు కనబడకుండునట్లు అమరియుండెను. తలుపు వెలుపల చుట్టము ముఖము కనబడెను గాని, వెనుకనున్న తోక కనబడలేదు. అట్టి నేరమునకు తగిన చట్టము నాడు ఆ దేశమున లేకపోవుటచే దానిని చేసినవాడు శిక్షింపబడలేదు. ఆ జూను నెలలోనే అక్కడ చట్టము చేయబడెను.

ఇక నా యనుభవమును చెప్పెదను. 2004వ సంవత్సరారంభమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. ఒకనాటి సాయంకాలము విజయనగరమున గంటకింత యని రుసుము చెల్లించి కంప్యూటరు వాడుకొనుచోటికి పోయితిని. నా సహపాఠి పేరుతో ఒక ఈ-మెయిలును, దానితో ఒక ఫైలును వచ్చియుండెను. పరీక్షలకు పనికివచ్చు వ్రాతలేమైన పంపెనేమో యని తెఱచితిని. ఏమియు కనబడలేదు. కొంతసేపటికి ఆ యంత్రము మందగించి, తుదకు పనిచేయుట మానెను. యజమాని బాగుచేయించుటకు నాచేత 400 రూపాయలు కట్టించుకొనెను. ఆ సొమ్ము నాకు ఒక నెల ఫలహారపు ఖర్చు.

మఱునాడు మిత్రుని నలుగురిలో నిలదీసితిని. తాను పంపలేదని అతడు ప్రమాణము చేసెను. ‘నీ పేరు నా కన్నులార చూచితిని గదా’ యంటిని. శిక్షణ ముగియువఱకు అతనితో మాటలాడనైతిని.

కొన్ని యేండ్ల పిమ్మట, పిల్లలకు కంప్యూటరు పాఠము చెప్పవలసివచ్చి, నేను ఆ విషయమును చదివితిని. 2001లో పుట్టిన క్లెజ్, 2004 జనవరిలో పుట్టిన మైడూమ్ మొదలగు వైరసులు పంపువాని పేరును సైతము దొంగిలించునని అప్పుడు తెలిసెను. అవి ఎవడో మూడవవాని యంత్రములో జొరబడి, అందు దొరకిన చిరునామాలలో ఒకదానికి ఉత్తరమును పంపి, మఱియొకదానిని పంపినవానిదిగా వ్రాయును. నా మిత్రుని పేరును నా పేరును ఎఱిగిన మూడవవాడెవ్వడైనను ఉండవచ్చును. నా మిత్రుడు ఏ పాపము నెఱుగడు. సెలవులలో పాలకొండ వైపునకు పోయి అతని ఇంటిలో క్షమాపణ వేడితిని. ‘పేరు నాదే గాని పని నాది కాదని ఆనాడే చెప్పితిని గదా’ యని అతడు నవ్వెను. ఆ నవ్వు నన్ను 400 రూపాయల నష్టముకంటె ఎక్కువగా బాధించెను. నాటినుండి నేను రెండు సంగతులను నమ్ముచున్నాను: పేరు చూచి నమ్మరాదు, పేరు చూచి నిందింపనురాదు.

నేడు ఈ-మెయిలుకంటె సెల్‌ఫోను మన యిండ్లకు దగ్గఱ. అపాయమును అటు మరలినది. శుభలేఖ యనియు, బండి జరిమానా చలానా యనియు, బ్యాంకువారి కాగితమనియు పేరుపెట్టి వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ‘ఏ.పి.కె.’ యని యుండును. ఛాయాచిత్రమునకుగాని, పత్రమునకుగాని అట్టి తోక యుండదు. అది ఫోనులో క్రొత్త పనిముట్టును నెలకొల్పు ఫైలు. తెఱవబోగా ఫోను ఒక హెచ్చరిక చూపును. మనము చుట్టముల శుభలేఖయే కదా యని ‘సరే’ నొక్కుదుము. అంతట అది మనకు వచ్చు సందేశములను చదువుటకు అనుమతి పొంది, బ్యాంకు పంపు రహస్యసంఖ్యను మనకంటె ముందు గ్రహించి, మన సంఖ్యనుండియే మన వారికందఱకును తన్నుతాను పంపుకొనగలదు. 2024వ సంవత్సరమునందు పలు రాష్ట్రముల పోలీసులు ఈ శుభలేఖల విషయమై ప్రజలను హెచ్చరించిరి.

నే నెఱిగిన ఒక విద్యార్థి ఇంట ఇట్లే జరిగెను. తండ్రి పనికై చెన్నపట్టణమున నుండెను. తల్లి ఫోనునకు పినతండ్రి సంఖ్యనుండి శుభలేఖ వచ్చెను. బాలుడు దానిని తెఱచెను. గంటలోపల అదే శుభలేఖ వారి సంఖ్యనుండి బంధువుల కందఱకు పోయెను. ఏదో తప్పు జరిగెనని తల్లి గ్రహించెను గాని, నలుగురిలో తలవంపులగునని రెండు దినములు ఎవ్వరికిని చెప్పలేదు. ఆ రెండు దినములలో బంధువు లొకరు 28,000 రూపాయలు పోగొట్టుకొనిరి. వారు వాకిటికి వచ్చి బాలుని దొంగ యని దూషించిరి. ఆ బాలుడు నాలుగు దినములు బడికి రాలేదు. నేను పోయి చూడగా, గోడవైపునకు తిరిగి కూర్చుండి, ‘మాస్టరుగారూ, నేను పంపలేదండి’ యను ఒక్క మాట తప్ప మఱేమియు పలుకలేదు. విజయనగరమున నా మిత్రుడు పలికిన మాటయు అదియే.

చదువరులారా, ఆ ఇంటివారు మొదటి గంటలోనే ‘మా పేరుతో వచ్చినది తెఱవవద్దు’ అని అందఱకును చెప్పియుండినచో ఆ బంధువు సొమ్ము నిలిచెడిదేమో! వారినోరు కట్టివేసినది సిగ్గు. ఆ సిగ్గును పెంచినది మన నింద. మోసపోయినవానిని వెక్కిరించు ఊరిలో మోసగానికి పని సులువగును.

తెలియనివారినుండి వచ్చినది తెఱవకుమని పిల్లలకు చెప్పుట మంచిదే. కాని అది సగము బోధ. తెలియనివానిని మనము స్వభావముచేతనే అనుమానింతుము. మిగిలిన సగము బోధ ఇది: ఎఱిగినవారి పేరుతో వచ్చినను, అడుగని ఫైలును, ఎదురుచూడని లింకును, డబ్బు కోరికను మఱియొక మార్గమున విచారింపకుండ తాకరాదు.

‘సొంత మేనమామను అనుమానింపవలెనా?’ యని కొందఱందురు. మేనమామను కాదు; అతని పేరుతో వచ్చినదానిని విచారింపుమనుచున్నాను. ఫోను చేసి ‘మామయ్యా, ఇది నువ్వే పంపినావా?’ యని అడుగుట అగౌరవము కాదు. ఒకవేళ అతడు పంపనిచో, తన పేరును దొంగ వాడుకొనుచున్నాడని అతనికి మొదట తెలియజేసినది నీవే యగుదువు. విచారణ యనునది ప్రేమకు విరోధము కాదు, కావలి.

గుర్తులు కొన్ని చెప్పెదను. తొందర పెట్టు మాట మొదటిది. ‘ఎవ్వరికిని చెప్పవద్దు’ అను మాట రెండవది. మూడవది భాష. ‘ఏటిరా, బాగున్నావా?’ యని మన యాసలో పలుకరించు బంధువు హఠాత్తుగా ఇంగ్లీషులో ముక్తసరిగా వ్రాసినచో, ఇస్సాకునకు కలిగిన సందేహమే మీకును కలుగును, దానిని విడువకుడు. నాలుగవది ఫైలు తోక. అయిదవది పేరు వెనుకనున్న చిరునామా: ఈ-మెయిలులో పేరుమీద నొక్కినచో అసలు చిరునామా కనబడును, ఒక్క యక్షరము మాఱినను అది వేఱొకని ఇల్లు. అది సరిగానున్నను అంతటితో నిశ్చింత కూడదు. మిత్రుని యంత్రమే దొంగచేత చిక్కియుండవచ్చును. ‘నీ ఫోనునకు పొరబాటున ఆఱు అంకెలు వచ్చినవి, పంపుము’ అని మిత్రుని పేరుతో ఎవ్వరడిగినను పంపరాదు. అవి మీ వాట్సాప్ తాళపుచెవులు. ఫోను చేయునప్పుడు ఆ సందేశములోని సంఖ్యకు గాక, మీరు పూర్వమునుండి ఎఱిగిన సంఖ్యకే చేయవలెను.

తెఱచినపిదప ఏమి చేయవలెను? మొదట ఇంటర్నెట్టును ఆపవలెను. వేఱొక ఫోనునుండి బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను ప్రభుత్వ సంఖ్యకు ఫోను చేయవలెను; ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్మును దారిలో నిలుపుటకు అంత వీలుండును. పిమ్మట బంధుమిత్రుల కందఱకును దాచకుండ చెప్పవలెను. మన దేశపు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణచే చేర్పబడిన 66-సి, 66-డి సెక్షనులు పరుల రహస్యసంకేతములు మొదలగువానిని దొంగిలించి వాడుటకును, కంప్యూటరుద్వారా పరునివలె నటించి మోసగించుటకును మూడేండ్లవఱకు ఖైదును, లక్ష రూపాయలవఱకు జరిమానాను విధించుచున్నవి. ఆ శిక్ష పేరు దొంగిలించినవానికే గాని, పేరు పోగొట్టుకొన్నవానికి కాదు. చట్టమునకు తెలిసిన ఈ భేదము మనకును తెలియవలెను.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ‘తప్పు నొక్కితిని’ అని వచ్చి చెప్పిననాడు వానిని కొట్టకుడు. కొట్టినచో మఱియొకమాఱు చెప్పడు. విద్యార్థులారా, మీ ఇంట ఇంగ్లీషు చదువలేని అవ్వయు, తాతయు ఉందురు. ఫైలు వచ్చినప్పుడు వారు మొదట మీ ముఖమే చూతురు. ఈ సంక్రాంతి సెలవులలో వారి చెంత కూర్చుండి, ఫైలు తోకను చూచుటయు, ఫోను చేసి అడుగుటయు, 1930 సంఖ్యయు నేర్పుడు.

ఆ బాలుడు అయిదవనాడు బడికి వచ్చెను. ప్రార్థన ముగిసిన వెనుక నేను తరగతిలో అందఱి యెదుట అతనిని పిలిచి, జరిగినది చెప్పుమంటిని. మొదట తడబడెను, తరువాత నల్లబల్లమీద ‘ఏ.పి.కె.’ యని వ్రాసి వివరించెను. నేను ఇరువది యేండ్లక్రింద నా మిత్రునకు చేసిన అన్యాయమును వారికి చెప్పితిని. ఆ దినమున తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. గంట కొట్టినపిదప ముగ్గురు పిల్లలు వచ్చి, తమ యిండ్లలోను అట్టి శుభలేఖ వచ్చినదని మెల్లగా చెప్పిరి.